పదికి సున్న చేరిస్తే



పదికి సున్న చేరిస్తే ఎంత? లెక్కల మాస్టారిని అడిగితే నూరంటారు. తెలుగు మాస్టారిని అడిగితే పంది అంటారు. ఇద్దరి మాటా ఒప్పే. ‘ప’ పక్కన సున్న పెట్టి చదవండి, పది కాస్తా నాలుగు కాళ్ళ మీద పరుగెడుతుంది. అదే సున్న బడికి తగిలిస్తే చక్రాలొచ్చి బండి అవుతుంది. ‘పడు’ అనే మాటకు తగిలిస్తే పండు. పండాకే కదా పడేది!

పొడుపుకథల్లో రెండు తెగలున్నాయి. ఒక తెగ వస్తువును దాచేది. తేలునో కొబ్బరికాయనో గుమ్మడిపండునో ఏదో ముసుగు వేసి మన ముందు నిలబెడుతుంది. రెండో తెగకు వస్తువుతో పని లేదు, దాని పేరుతోనే పని. ఆ పేరులోని అక్షరాలను విరుస్తుంది, తిప్పుతుంది, ఒకటి తీసి జేబులో వేసుకుంటుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ రెండో తెగ గురించి. దీన్ని చిన్నపిల్లల కాలక్షేపంగా తీసిపారేసే పెద్దలున్నారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది.

ముందు ఒకటి విప్పి చూద్దాం. మూడక్షరాల మాట. చివరి అక్షరం తీసేస్తే ఒంటి మీద మెరుస్తుంది. నడిమి అక్షరం తీసేస్తే ఒంటి లోపల ఉంటుంది. మొదటి అక్షరం తీసేస్తే నాలుక చుర్రుమంటుంది. మూడూ కలిస్తే అందులో లక్షల మంది కాపురం ఉంటారు.

చాలామంది చివరి వాక్యం పట్టుకుని ఊళ్ళ పేర్లన్నీ తలుచుకుంటూ కూర్చుంటారు. అది తప్పుదారి. పొడుపు వేసినవాడు మనల్ని అర్థం వెంట పరుగెత్తించాలనే చూస్తాడు, మనం అక్షరాల వెంట నడవాలి. చివరిది తీస్తే మిగిలేవి ఒకటో అక్షరం, రెండో అక్షరం. నడిమిది తీస్తే మిగిలేవి ఒకటి, మూడు. అంటే ఒంటి మీద మెరిసేదీ ఒంటి లోపల ఉండేదీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. రెండూ రెండక్షరాల మాటలే. ఇప్పుడు వెతకండి. మెరిసేది దండ అనుకుందాం. లోపలిది ‘దం’తో మొదలవాలి. దంతం ఉంది! సంబరపడి రెండూ కలిపితే ‘దండతం’ వస్తుంది. అలాంటి మాట లేదు, వదిలేద్దాం. హారం అనుకుంటే ‘హా’తో లోపల ఏమీ దొరకదు. నగ? ‘న’తో లోపల ఉండేది నరం. న, గ, రం. నగరం! మొదటి అక్షరం తీసి చూడండి, గరం. హైదరాబాదులో పొద్దున్నే చాయ్ తాగేవాళ్ళకు ఆ మాట నేను విప్పి చెప్పక్కర్లేదు.

ఇందులో నేనొక నియమం పాటించాను, మీరు గమనించే ఉంటారు. ‘రం’లోని సున్నను విడిగా లెక్కపెట్టలేదు. గుణింతమైనా ఒత్తైనా సున్నైనా తన అక్షరంతో పాటే వస్తుంది, తనతో పాటే పోతుంది. మరి పదిని పంది చేసినప్పుడు సున్నను విడదీశావు కదా అంటారా? అవును, అది వేరే జాతి పొడుపు. అక్షరాన్ని ముట్టుకోకుండా దాని నగలు మాత్రం మార్చే జాతి. ‘పిల్ల’లో గుడి తీసి కొమ్ము పెడితే పుల్ల. ‘మేక’లో ఏత్వం తీసి కొమ్ముదీర్ఘం పెడితే మూక. మేకకు అసలే కొమ్ములుంటాయి, వాటి మీద ఇంకో కొమ్ము మొలిచేసరికి మందగా తయారైందన్నమాట. మన గుణింతాల పేర్లే గుడి, కొమ్ము, తలకట్టు. సగం పొడుపు ఆ పేర్లలోనే ఉంది. ఏ జాతి పొడుపో ముందే తేల్చుకోవడం విప్పేవాడి మొదటి పని.

మీకొకటి వదులుతున్నాను, ఆలోచిస్తూ వినండి. మూడక్షరాలే. మొదటిది తీస్తే పందిరెక్కుతుంది. నడిమిది తీస్తే పల్లెటూరి అవ్వ నోట వినబడుతుంది. చివరిది తీస్తే నిద్రలో వస్తుంది. మొత్తంగా మనసులో ఉంటే మాత్రం ఆ నిద్రే రాదు.

ఇక అసలు మాట. ఇప్పటిదాకా నేను చెప్పిన వాటిలో ఏదీ మీరు కాగితం మీద చూడలేదు. రేడియోలో విన్నారంతే. అయినా విప్పగలిగారు. ఇంగ్లీషులో ఈ సదుపాయం తక్కువ. అక్కడ రాత్రినీ ‘నైట్’ అనే అంటారు, గుర్రమెక్కి యుద్ధానికెళ్ళే వీరుణ్నీ ‘నైట్’ అనే అంటారు. రెండోదాని ముందు పలకని ‘కె’ ఒకటి ఉంటుంది. అది కంటికి తప్ప చెవికి తెలియదు. అందుకే అమెరికాలో 1925 నుంచి ‘స్పెల్లింగ్ బీ’ అని ఏకంగా జాతీయ పోటీ నడుస్తోంది. దాంట్లో తెలుగింటి పిల్లలు కూడా గెలిచి వస్తున్నారు, సంతోషం. తెలుగులో అక్షరమంటే కలంతో గీసే గీత కంటే ముందు నోటితో పలికే ఒక ముక్క. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ ముక్కలు శుభ్రంగా తెగుతాయి. బడి గడప తొక్కని అవ్వ కూడా ‘పలక’ను మూడు ముక్కలు చేసి వెనకనుంచి చదివి ‘కలప’ అనగలదు. పిల్లవాడి చేతిలోది వడ్రంగి చేతిలోకి పోయింది! ‘కడప’ను అలాగే తిప్పండి, ‘పడక’ వస్తుంది. రాయలసీమలో ఆ ఊరికి వెనకదారిన వెళ్ళినవాడికి హాయిగా నిద్రపట్టాలి మరి. ‘తల’ను తిప్పితే లత. వాల్మీకి కథ ఎలాగూ మీకు తెలుసు. బోయవాడి నోటికి ‘మరా’ అందింది, ఆగకుండా అంటూ పోతే ‘రామ’ అయింది. మన దేశంలో తిరగేసిన అక్షరాల కథల్లో ఇంత ప్రచారం పొందినది ఇంకోటి లేదేమో.

ఎటునుంచి చదివినా మారనివి వేరే ఉన్నాయి. తెనాలి రామకృష్ణుడి వల్ల వికటకవి అందరికీ తెలుసు. కిటికి, కునుకు, పులుపు, నటన, మడమ, జలజ, కందకం, చివరికి టమాట కూడా ఆ కోవలోవే. పింగళి సూరన ఇంకో మెట్టు ఎక్కాడు. ‘కళాపూర్ణోదయం’లో ఒక పద్యం మొదటినుంచి చదివితే తెలుగు, చివరినుంచి వెనక్కి చదివితే సంస్కృతం. రాఘవపాండవీయంలో రామాయణ భారతాలను ఒకే పద్యాల్లో ఇమిడ్చినవాడికి ఇది సరదా కాబోలు.

ఈ విద్యకు వయసెంత అని వెతికితే చాలా వెనక్కి వెళ్ళాలి. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో అరవైనాలుగు కళల జాబితా ఉంది కదా, అందులో పాటకూ నాట్యానికీ వంటకూ పక్కనే ప్రహేళిక, అంటే పొడుపుకథ, ఉంది, ప్రతిమాల ఉంది. ప్రతిమాల అంటే ఇవాళ మనం పెళ్ళి బస్సుల్లో ఆడే అంత్యాక్షరే. అక్షరముష్టిక అని ఇంకొకటి. మాటల మొదటి అక్షరాలను మాత్రం పిడికిట్లో పట్టి చెప్పడం. మే, వృ, మి, క అంటూ పన్నెండు రాశులనూ ఒక్క గుక్కలో చెప్పే పద్ధతి అదే. శ్రీశ్రీ తన సిరిసిరిమువ్వలనూ ప్రాసక్రీడలనూ లిమరిక్కులనూ కలిపి ‘సిప్రాలి’ అని పేరు పెట్టాడు. అదీ ముష్టికే.

సంస్కృత ఆలంకారికుడు దండి అయితే ‘కావ్యాదర్శం’లో ప్రహేళికలను పదహారు రకాలుగా లెక్కపెట్టాడు. అవి ఎందుకు పనికొస్తాయో కూడా చెప్పాడు. నలుగురు చేరిన చోట వినోదానికి, గుంపులో ఉండి తెలిసినవాళ్ళతో గుట్టుగా మాట్లాడుకోవడానికి, ఎదుటివాణ్ని తికమకపెట్టడానికి. రెండో ఉపయోగం మన పిల్లలకు ఏ దండీ నేర్పక్కర్లేకుండానే వచ్చు. ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చి ‘కనుకవ్వు కరా’ అని పెద్దవాళ్ళ ముందే మాట్లాడుకుంటారు. ‘నువ్వు రా’ అని దాని భావం. పెద్దవాళ్ళకు తెలియదని వాళ్ళ నమ్మకం.

ఆ దండే రాసిన దశకుమారచరితాన్ని కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. సంస్కృత మూలంలో మంత్రగుప్తుడనే కుమారుడు తన కథ చెప్పేటప్పుడు పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ పలకడు. కారణం? ప్రియురాలి పంటిగాట్లకు పెదవి మంట పెడుతోంది. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదవులు కలవాలి. దండి ఒక ఉచ్ఛ్వాసం, అంటే ఒక అధ్యాయం, మొత్తం అవి లేకుండా నడిపాడు. దీన్నే నిరోష్ఠ్యం అంటారు. మీరూ ప్రయత్నించండి. ‘అన్నయ్య నిన్న రాత్రి ఇంటికి రాలేదు’ అనండి. పెదవులు తగలవు. ‘అమ్మ రాలేదు’ అనబోతే మాత్రం చిక్కుకుపోతారు.

ఇప్పుడు ఈ షరతు మీద రామాయణం రాయమంటే? ‘రాముడు’ అనే మాటలోనే ‘మ’ ఉంది. కథానాయకుడి పేరే నిషేధం! లక్ష్మణుడూ భరతుడూ హనుమంతుడూ అంతే. సీతనూ రావణుణ్నీ కైకనూ మాత్రం పేరు పెట్టి పిలవవచ్చు. కుతుబ్‌షాహీల కాలంలో మరింగంటి సింగరాచార్యుడు ఈ పని చేసి చూపించాడు. ఆ కావ్యం పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. ఆ పేరును మెల్లగా పలికి చూడండి. ఎక్కడైనా పెదవి పెదవికి తగిలిందా? రాముడు అనకుండా రాముణ్ని చెప్పడం ఎలా అన్న పొడుపుకు జవాబు అట్ట మీదే ఉంది. ఇలాంటి వాటిని కవిత్వం కాదు, కసరత్తు అనేవారున్నారు. కసరత్తే. కాని కండ లేకుండా అది సాగదు.

నేను ఇందాక వదిలిన మాట దొరికిందా? లత పందిరెక్కుతుంది. అవ్వ నోట ‘కత’ వినబడుతుంది. నిద్రలో కల వస్తుంది. క, ల, త. కలత. దొరికినవారికి అభినందనలు. దొరకనివారు దీన్ని పట్టండి. మూడక్షరాలు. మొత్తంగా చెట్టు మీద ఉంటుంది. మొదటిది తీస్తే ఒంట్లో, నడిమిది తీస్తే పంచాంగంలో, చివరిది తీస్తే మబ్బులో.

పొడుపు వేసేవాడూ విప్పేవాడూ ఎదురెదురుగా కూర్చుని యుద్ధం చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అవధానానికి వెళ్ళాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనం నాలుకల మీదికి తెచ్చిన విద్య అది. అందులో నాకు ఎక్కువ ఇష్టమైనది నిషిద్ధాక్షరి. అవధాని పద్యం మొదలుపెట్టి ‘శ్రీ’ అంటాడు. శ్రీరాముడు రాబోతున్నాడేమోనని ఎదుట కూర్చుని పరీక్షించే పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. అవధాని ‘కాం’ అంటాడు. శ్రీకాంతుడని ఊహించి ‘త’ వద్దంటాడు ఆయన. అవధాని తొణకకుండా ‘చీ’ అని కాంచీపురం వైపు బండి తిప్పుతాడు. ఇద్దరూ ఇంకా పుట్టని మాటను ముందే పసిగట్టాలి. ఒకడు మూయడానికి, ఒకడు తప్పించుకోవడానికి. వ్యస్తాక్షరిలో పద్ధతి వేరు. ఒక వాక్యంలోని అక్షరాలను చిందరవందర చేసి, పన్నెండోది ఇది, నాలుగోది ఇది అని మధ్యమధ్య చీటీలు అందిస్తూ ఉంటారు. మిగతా పనులన్నీ చేస్తూనే వాటిని తలలో సర్దుకుని అవధాని చివర వాక్యం అప్పజెప్పాలి. దత్తపదిలో పొంతన లేని మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. అక్కడ కిటుకు పదాల అతుకుల్లో ఉంటుంది. వచనంలోనే ఒక మచ్చు చూపిస్తాను. ‘ఏమిటీ కంగారు, ఏదో సెగ తగిలినట్టు అలా లేచిపోవడమెందుకు?’ ఈ వాక్యంలో హోటలు ఉంది. ‘ఏమిటీ’లో టీ, ‘ఏదో సెగ’లో దోసె, ‘లేచిపోవడమెందుకు’లో వడ. రెండు మాటల అతుకులో మూడో మాటను దాచడాన్ని దండి ‘సమాగత’ అన్నాడు.

సంగీతం వినే శ్రోతలకు ఒక చిన్న తాళంచెవి. రేడియోలో శంకరాభరణం పాడుతున్నారని చెబుతారు, కాని జనకరాగాలైన మేళకర్తల పట్టికలో ఆ రాగం పేరు ధీరశంకరాభరణం. ఆ ‘ధీర’ ఎందుకు వచ్చి చేరింది? అక్షరాలను అంకెలుగా మార్చే కటపయాది సూత్రం కోసం. క నుంచి, ట నుంచి, ప నుంచి, య నుంచి మళ్ళీ మళ్ళీ ఒకటితో లెక్క మొదలుపెట్టాలి. ట ఒకటి అయితే ధ తొమ్మిది అవుతుంది. య ఒకటి, ర రెండు. తొమ్మిది, రెండు. అంకెల్ని వెనకనుంచి చదివితే 29. డెబ్బైరెండు మేళకర్తల్లో దాని స్థానం 29. కల్యాణికి ముందు ‘మేచ’ చేరింది అందుకే. మ అయిదు, చ ఆరు, తిప్పితే 65. తోడికి ముందు హనుమ, మాళవగౌళకు ముందు మాయా, అన్నీ ఇలా అతికించిన తోకలే. తోకలు కావు లెండి, తలలు. ‘హనుమ’లో హ ఎనిమిది, న పదోది కాబట్టి సున్న, తిప్పితే 08. మాయామాళవగౌళ లెక్క మీరే కట్టుకోండి, పదిహేను రాకపోతే ఎక్కడో తప్పారన్నమాట.

ఇక పత్రికల్లో వచ్చే గళ్ళనుడికట్టు. ఇది బయటనుంచి వచ్చిన చుట్టం. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ వేసినది మొదటిదని చెబుతారు. శ్రీశ్రీ కంటే అది మూడేళ్ళు చిన్నది. ఆ శ్రీశ్రీయే తర్వాత పదబంధ ప్రహేళికలు కూర్చాడు, ఆరుద్ర గళ్ళనుడికట్లు కూర్చాడు. మహాకవికి ఇదేం పని అని అప్పట్లో ఎవరైనా అనుకుని ఉంటే వాళ్ళు ఒక్క గడి కూడా నింపి ఉండరు.

తెలుగు గడికీ ఇంగ్లీషు గడికీ పెద్ద తేడా ఉంది. తెనాలిరామకృష్ణుడు మనకు ఎనిమిది గళ్ళలో సరిపోతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పందొమ్మిది కావాలి. మనకు చోటు కలిసొచ్చింది. కాని అడ్డమూ నిలువూ కలిసే గడిలో కష్టమంతా ఉంది. ఇంగ్లీషువాడికి అక్కడ ‘కె’ కలిస్తే చాలు. మనకు ‘కృ’కు ‘కృ’యే కలవాలి, ‘కి’ పనికిరాదు, ‘క్రి’ కూడా పనికిరాదు. అందుకే తెలుగు గళ్ళలో నల్లగళ్ళు ఎక్కువ కనబడతాయి. కూర్చినవారి బద్ధకం కాదది. ఆధారాల్లో వాడే మాటలు కూడా కనిపెట్టుకోవాలి. ‘తడబడిన’ అంటే అక్షరాలు తారుమారయ్యాయి. ‘తిరగబడిన’ అంటే వెనకనుంచి చదవాలి. ‘తలలేని’ అంటే మొదటి అక్షరం, ‘తోకలేని’ అంటే చివరిది ఎగిరిపోయాయి. ఇవి కనబడితే అర్థం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కత్తెర తీయాలి.

ఇప్పుడు ఫోన్లలో కూడా పదాల ఆటలు వస్తున్నాయి. కంప్యూటరుకు మన అక్షరం అక్షరంగా తెలియదు. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. దానికి ఆరు ముక్కలు. హల్లులు మూడు, పొల్లు గుర్తులు రెండు, గుడిదీర్ఘం ఒకటి. ‘కోతి’ని తిప్పమంటే మనం ‘తికో’ అంటాం. అక్షరమంటే ఏమిటో నేర్పని ప్రోగ్రాము ముక్కలను తిప్పి పెడుతుంది. క, ఓత్వం, త, గుడి అన్న వరుస గుడి, త, ఓత్వం, క అవుతుంది. ముందొక అనాథ గుడి, దాని పక్కన ‘తోక’! కోతిని అడిగితే తోక ఇచ్చింది. తప్పే గాని చక్కని తప్పు. ఈ ఆటలు తయారుచేసేవాళ్ళు మన ప్రహేళికలు నాలుగు విప్పి ఆ పనిలోకి దిగితే బాగుండును.

ఇంకో మాట. చెవితో విప్పే పొడుపులు కాబట్టి పలుకు చెడితే పొడుపే ఉండదు. కల్లు తాగితే కళ్ళు తిరుగుతాయన్న మాటలో చమత్కారమంతా ‘ల’కూ ‘ళ’కూ మధ్య ఉంది. రెండూ ఒకేలా పలికే నోట ఆ వాక్యానికి అర్థమే లేదు. రాతలో రెండు ‘వేరు’లూ ఒకటే అయిపోయాయి. పూర్వం చెట్టు వేరుకు మామూలు రేఫ, వేరొకటి అనేటప్పుడు బండి ‘ఱ’ రాసేవారు. బండి ‘ఱ’ వాడుకలోంచి పోయింది, దానితో పాటు కొన్ని పొడుపులూ పోయాయి. ‘ళ’ ఇంకా ఉంది. పిల్లల చేత పలికించండి.

ఇందాకటి పొడుపులో చెట్టు మీద ఉన్నది వానరం. ఒంట్లో నరం, పంచాంగంలో వారం, మబ్బులో వాన.

ఆఖరిది జవాబు చెప్పకుండా వదిలేస్తున్నాను. మూడక్షరాలు. మొత్తంగా మనిషి భుజం మీద ఉంటుంది. నడిమి అక్షరం తీస్తే ఎద్దుల మెడ మీద ఉంటుంది. మొదటి అక్షరం తీస్తే పరుగులో ఉంటుంది. చివరి అక్షరం తీయకండి, ఏమీ రాదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనే ముందు అడగండి, ఆ వస్తువును వాళ్ళు చూసి ఉంటారు. సెలవు.